కెజియా పెట్టెలో గ్లౌజులు

ఇంగ్లండు రాజుతో తెగతెంపుల సంగతి ఎత్తితే చాలు, బోస్టన్‌లో ప్రతివాడూ టీ పెట్టెల్ని సముద్రంలో పారబోసిన కథే అందుకుంటాడు. ఉత్తరపు వాడలో ఉన్ని వడికే మెహిటబెల్ మాత్రం అంతకు కొన్నేళ్ళ ముందు పోయిన అత్తగారి చావు గురించి చెప్పేది. అదీ అడగ్గా అడగ్గా, రాట్నం ఆపకుండా.

మెహిటబెల్ మొగుడు చేపల పడవతో పాటే మునిగిపోయాడు. మిగిలింది అత్త కెజియా. ఆ రోజుల్లోనే, సముద్రానికి అవతల ఇంగ్లండులో కూర్చున్న సభ ఇక్కడివాళ్ళను ఒక్క మాట అడక్కుండా గాజు మీదా కాగితం మీదా టీ మీదా పన్ను వేసింది. అక్కడి సరుకేదీ కొనకూడదని ఊరు ఊరంతా ఒట్టు పెట్టుకుంది. గుడ్డ రావడం ఆగాక ఇంటింటా రాట్నం తిరిగింది. పీపాలు చేసే జబెజ్, ఆ ఒట్టు నిలబెట్టడానికి ఊరు వేసుకున్న కమిటీ తరఫున, కూలికి వడకమని ఉన్ని తెచ్చి పడేసేవాడు. మెహిటబెల్ పెద్ద రాట్నం దగ్గర ముందుకీ వెనక్కీ నడుస్తూ వడికేది. పొద్దుగూకేసరికి కాళ్ళు తనవి కావనిపించేది.

టీ బదులు కోరింద ఆకులు కాచి ఇస్తే, కెజియా ఒక గుక్క తాగి, "ఇదేం టీనే, గడ్డి కడిగిన నీళ్ళు" అనేది.

కెజియాకు ఆస్తంటూ ఉన్నది ఒక పెట్టె. చావుకొచ్చినవాళ్ళకు గ్లౌజులు పంచడం ఆ ఊరి మర్యాద. ఎవరెవరి చావుల్లోనో తనకందిన జతలన్నీ తొడక్కుండా దాచుకుంది, తన చావుకు పంచాలని. తీరికైనప్పుడల్లా పెట్టె తీసి, "ఇది కమ్మరి ఎలీషా నాన్నది, ఇది జబెజ్ వాళ్ళమ్మది" అంటూ తడుముకునేది. వినీ వినీ కోడలికి నోటికొచ్చేసింది.

మంచం పట్టాక ఒకటే పోరు. "ఉత్త చేతులతో వచ్చి ఉత్త చేతులతో మోశారనిపించకే."

"అనిపించనులే అత్తమ్మా, పడుకో."

"ఒట్టెయ్యి."

వేసింది. వెయ్యకపోతే నిద్రపోనివ్వదు.

జనవరి చలిలో కెజియా పోయింది. జబెజ్ టోపీ తీసి గుమ్మంలో నిలబడ్డాడు.

"వదినా, ఆ పెట్టె తెరవకు. గ్లౌజులు ఇంగ్లండు సరుకు కదా, చావుల్లో పంచకూడదనుకున్నాం."

"అవి నిన్న కొన్నవా? మీ అమ్మ చావువి కూడా ఉన్నాయి అందులో."

"నాకు తెలుసు. దారినపోయేవాడికి తెలుస్తుందా? రేపు ఇంకొకడు కొత్తవి కొని పాతవేనంటాడు. నువ్వు పంచితే నీకు ఉన్ని ఇవ్వడం నా చేతిలో ఉండదు."

"గ్లౌజుల మీద పన్నే లేదు కదయ్యా."

"పన్ను లేదు. ఒట్టుంది."

"నా నెత్తినా ఒకటుంది" అని మెహిటబెల్ శవం పక్కన కూలబడింది. ఉన్ని లేకపోతే పొయ్యి వెలగదు. ఒట్టు తప్పితే ఆ ముసలిదాని ముఖం కళ్ళముందు నుంచి పోదు.

మర్నాడు పొద్దున పెట్టె చంకన పెట్టుకుని మంచులో బయల్దేరింది. మొదట జబెజ్ తలుపే తట్టింది.

"ఏం వదినా, వద్దన్నానుగా?"

"పంచడం లేదయ్యా. ఎవరివి వాళ్ళకిచ్చేస్తున్నా. ఇవి మీ అమ్మవి. తిరిగివ్వకూడదని కూడా అనుకున్నారా?"

జబెజ్ వాటిని తిప్పి తిప్పి చూశాడు. "అదైతే అనుకోలేదు" అని తీసుకున్నాడు.

కొందరు తీసుకున్నారు, కొందరు ముఖాన తలుపేశారు. మిగిలిన జతలు ఆమె ఎవరివి వాళ్ళ గుమ్మం ముందు పెట్టి వచ్చేసింది.

శవం లేచేటప్పుడు ఎవరి చేతులకూ గ్లౌజులు లేవు. మోసేవాళ్ళ వేళ్ళు నీలం తిరిగాయి. గోతి దగ్గర, దించడానికి తాడు పట్టుకునే ముందు, జబెజ్ ఎవరి వైపూ చూడకుండా జేబులోంచి తల్లి చావు గ్లౌజులు తీసి తొడుక్కున్నాడు. అతన్ని చూసి ఇంకొందరు.

ఆ చలికాలం వాడలో ఇంకా చావులయ్యాయి, గ్లౌజులు లేకుండానే. తరాల నాటి చావు మర్యాదే వదులుకున్నాక, తర్వాత రాజును వదులుకోవడం ఆ మనుషులకు అంత పెద్ద పనిగా తోచలేదు.

వారం తిరగకుండా జబెజ్ ఉన్ని మూట మోసుకొచ్చాడు. "మాట నిలబెట్టావు వదినా."

"ఎవరి మాట? మీదా, ఆవిడదా?"

అతను మూట భుజం మార్చుకున్నాడు.

"రెండూ మోసేసరికి నడుం పడిపోయింది. ఆ మూట అక్కడ పెట్టి వెళ్ళు."