నెగెటివ్ వచ్చినవాళ్ల డోసులు

2022 జనవరిలో, ఒమిక్రాన్ ఊపుమీదున్నప్పుడు, నన్ను చిక్కడపల్లి కొవిడ్ పరీక్షా శిబిరంలో టీకా సర్వేకి వేశారు. నేను హెల్త్ సూపర్‌వైజర్‌ని. సర్వే అధికారి నాకంటే ఇరవై ఏళ్లు చిన్న డాక్టరు. మొదటిరోజు అందరికీ కుర్చీలు వేయించి నాకు స్టూలు చూపించారు.

పద్ధతి తేలికే. దగ్గు, జ్వరంతో పరీక్షకు వచ్చినవాళ్లలో పాజిటివ్ వాళ్లు ఎన్ని డోసులు వేసుకున్నారు, నెగెటివ్ వాళ్లు ఎన్ని వేసుకున్నారు అని పోల్చడం. టీకా పనిచేస్తుంటే నెగెటివ్ వాళ్లలో వేసుకున్నవాళ్లు ఎక్కువగా తేలాలి. పాజిటివ్ వాళ్లలో ఆసుపత్రిలో చేరినవాళ్లను విడిగా రాసుకునేవాళ్లం. విదేశాల్లో ఎంఆర్‌ఎన్‌ఏ టీకాలు కొత్త వేరియంట్లను ఎంతవరకు ఆపుతున్నాయో చూసిందీ ఇలాగే. మా దగ్గర వేసినవి వేరే టీకాలు; పోల్చే తీరు ఒకటే.

మావాళ్లు పాజిటివ్ వాళ్లకు ఫోన్ చేసి డోసులు అడిగేవాళ్లు. నెగెటివ్ వాళ్లకు ఆన్‌లైన్ టీకా రికార్డులో ఉన్నదే ఎక్కించేవాళ్లు. రెండో డోసు వేసుకోకుండానే వేసుకున్నట్టు మెసేజ్ వచ్చినవాళ్లు ఉన్నారు. ఇలా రాస్తే నెగెటివ్ వాళ్ల లెక్కలో వేయని డోసులు కలిసి, టీకా ఉన్నదానికంటే గొప్పగా కనిపిస్తుందన్నాను.

"నెగెటివ్ వచ్చినోళ్లతోని మనకేం పని సార్? మీకు చాదస్తం జర ఎక్కువైంది" అన్నారు డాక్టరుగారు. నర్సులు నవ్వారు. ఎవరెవరు నవ్వారో ఇప్పటికీ చెప్పగలను.

అభ్యంతరం రాసిచ్చి, నెగెటివ్ వాళ్ల జాబితా తీసుకుని నేనే ఫోన్లు చేశాను. రెండోరోజు యాదమ్మ దొరికింది. అశోక్‌నగర్ హాస్టల్లో వంటమనిషి. అరవై దాటాయి, షుగరుంది. చుట్టూ దగ్గే పిల్లలు. కాగితం మీద రెండు డోసులు.

"ఒక్కటే ఏసుకున్న సారూ. రెండోదానికి పోతే లైను శానా ఉండె, మర్లొచ్చిన. మా కోడలు ఫోన్ల అయిపోయిందని మెసేజ్ వచ్చె. ఇగ ఎందుకులే అనుకున్న."

"మెసేజ్ ఒంట్లకు ఎక్కుతదా అమ్మా?"

"గట్ల కసురుతవేంది? ఏస్కుంట తీ!"

వేసుకుంటానన్నా వేసేవాళ్లు లేరు. రికార్డులో పూర్తయింది, కుదరదన్నారు టీకా కేంద్రంలో. రెండు అర్జీలు, ఒక గొడవ అయ్యాక నాలుగోరోజు ఆమెకు సూది పడింది.

వానాకాలంలో ఆ హాస్టల్లో మళ్లీ కొవిడ్ వచ్చింది. యాదమ్మకూ సోకింది. మూడురోజులు జ్వరపడి, ఇంట్లోనే కోలుకుని, మళ్లీ పొయ్యి దగ్గరికి వెళ్లింది. ఒక్క మనిషి కోలుకుంటే టీకా పనిచేసినట్టు రుజువు కాదు. కానీ నా ఫోన్లలో తేలిన డోసులతో సర్వే సవరించాక వచ్చిందీ అదే దారిలో ఉంది: సోకకుండా ఆపడం మేం మొదట రాసుకున్నంత లేదు, ఆసుపత్రి దాకా పోకుండా ఆపడం మాత్రం నిలిచింది. నివేదికలో నా పేరు వేయలేదు.

నాకు తెలిసింది ఇది. జబ్బు లేదని తేలిన మనిషినీ జబ్బున్న మనిషినంత ఓపికగా అడగాలి. అలా అడిగితే ఫలితం కొంచెం తగ్గవచ్చు. మిగిలినదాన్ని ఎవరి ముందైనా నిలబడి చెప్పవచ్చు.