వెనక్కి చూడకుండా: సిగ్రిడ్‌తో కోనసీమలో ఒక శనివారం

ఈ ప్రయాణం నేను సరదాపడి మొదలుపెట్టింది కాదు. రాజమండ్రిలో మా షటిల్ క్లబ్బు వాళ్లు పిల్లలకు రెండు వారాల శిక్షణ పెట్టి, డెన్మార్కు నుంచి ఒక డబుల్స్ క్రీడాకారిణిని రప్పించారు. పేరు సిగ్రిడ్. మధ్యలో వచ్చిన శనివారం ఆమెకు సెలవిచ్చి, ఊళ్లు చూపించే పని నాకు అంటగట్టారు. నేను కాలేజీలో ఇంగ్లీషు చెప్తాను, పొద్దున్నే క్లబ్బులో గంటసేపు ఆడతాను, కారెక్కితే కడుపులో తిప్పుతుంది. మొదటి రెండూ చూసుకున్నారు గానీ మూడోది ఎవరూ అడగలేదు. ఆ వారం పాపికొండల లాంచీలు తిరగడం లేదన్నారు, అందుకని కోనసీమ అనుకున్నాం. ఇది మూడేళ్ల కిందటి మాట. అంతర్వేది దాకా వెళ్లి అదే రోజు తిరిగి రావాలనుకునేవాళ్లకు పనికొస్తుందని ఇప్పుడు రాస్తున్నాను.

పొద్దున్న ఆరింటికి బయల్దేరాం. కారు పాత అంబాసిడర్, రోజంతటికీ డీజిలుతో కలిపి పన్నెండు వందలకు కుదిరింది. డ్రైవరు పేరు సత్తిబాబు, రాజోలు దగ్గరివాడు. సిగ్రిడ్ కాలు చాపుకోవాలని ముందు సీట్లో కూర్చుంది. కుడి మోకాలికి నల్లటి పట్టీ ఉంది. ధవళేశ్వరం, కడియం నర్సరీలు దాటి, జొన్నాడ దగ్గర వంతెన ఎక్కి గౌతమి పాయ అవతలికి వెళ్తే రావులపాలెం. గంటలోపే చేరాం. అరటి మార్కెట్టు చూడాలంటే ఆ వేళే మంచిది, ఎండెక్కితే గెలలన్నీ లారీల్లోకి వెళ్లిపోతాయి. సిగ్రిడ్ దిగి రెండు వరసలు తిరిగింది. ఫొటోలు తియ్యలేదు. విదేశీయులంతా కెమెరాతో పుడతారనుకునే సత్తిబాబు కొంచెం నొచ్చుకున్నాడు.

"మనూరు నచ్చలేదాండీ ఆవిడకి?" అన్నాడు నాతో, మళ్లీ కారెక్కాక.

"ఆవిడ మనసు ఇంకెక్కడో ఉందిలే" అన్నాను. ఊరికే అన్న మాట, నిజమైంది.

కొత్తపేట మీదుగా అంబాజీపేట వెళ్లి టిఫిను చేశాం. అక్కడ పొట్టిక్కలు తప్పకుండా తినండి. పనసాకులు బుట్టలా కుట్టి అందులో ఇడ్లీ పిండి పోసి ఉడికిస్తారు, ఆకు వాసన పిండికి పడుతుంది. సిగ్రిడ్ మూడు తిని, నాలుగోది చేత్తో పట్టుకుని తన సంగతి చెప్పింది. అడక్కుండానే చెప్పింది. నేను ఓదార్చే రకాన్ని కానని ముందే కనిపెట్టి ఉంటుంది.

ఆమె తండ్రి సముద్రం పక్క చిన్న ఊళ్లో ఆటల హాలుకు కాపలాదారు. సాయంత్రాలు ఆయన హాలు తుడుస్తుంటే ఈమె గోడకేసి షటిల్ కాక్ కొట్టుకునేదట. పంతొమ్మిదో ఏట దేశం జట్టులోకి వచ్చింది. మొదటి జోడీ అమ్మాయి చదువుకని ఆట మానేసింది. తర్వాత ఇబెన్ దొరికింది. తొమ్మిదేళ్లుగా ఇద్దరూ కలిసి ఆడుతున్నారు. సిగ్రిడ్ పొడగరి, చెయ్యి బలమైంది, కాబట్టి వెనక నుంచి స్మాష్ కొట్టడం ఆమె పని. నెట్ దగ్గర నిలబడి, తిరిగొచ్చినదాన్ని కింద పడేయడం ఇబెన్ పని. స్వదేశంలో కప్పులు గెలిచారు, ఇంగ్లండులో ఒకసారి సెమీఫైనల్ దాకా వెళ్లారు. ఆ తర్వాత మోకాలికి ఒక ఆపరేషను, దాని మీద ఇంకొకటి జరిగాయి. వెనక కోర్టంతా పరిగెత్తి ఎగిరి కొట్టడం ఇక కుదరడం లేదు. ఇబెన్‌ను ఇంకో అమ్మాయి జోడీగా అడుగుతోంది. వచ్చే సీజను మొదటి పోటీకి పేర్లు ఇవ్వడానికి గడువు ఆ రోజే. వాళ్లకు మధ్యాహ్నం రెండు గంటలు, మనకు సాయంత్రం ఆరున్నర.

"ఆ లోపు ఫోన్ చెయ్యకపోతే మానేసినట్టే అని ఇబెన్‌కు చెప్పి వచ్చాను. ఫోనుకు దూరంగా ఉండాలనే ఇండియా రావడానికి ఒప్పుకున్నాను" అంది.

సింగిల్స్ ఆడేవాళ్లు మానేస్తే వాళ్లొక్కరే మానేస్తారు. డబుల్స్‌లో అది కుదరదు, రెండో మనిషి బతుకు కూడా కదులుతుంది. టిఫిను డబ్బులిచ్చి లేచాం.

అమలాపురం, రాజోలు మీదుగా అంతర్వేది చేరేసరికి పదిన్నరయింది. గుడిలో దర్శనానికి అరగంట పట్టింది. అక్కడి నుంచి ఇసుకలో నడిచి గోదారి సముద్రంలో కలిసే చోటికి వెళ్లాం. నీళ్ల రంగు మారే గీత బాగా కనిపిస్తుంది. అంత దూరం నుంచి వచ్చిన మనిషి ఆ గీత వంక ఒకసారి, చేతి గడియారం వంక నాలుగుసార్లు చూసింది. నాకు ఒళ్లు మండింది, జాలీ వేసింది. మధ్యాహ్నం సఖినేటిపల్లిలో ఒక పాకహోటల్లో చేపల పులుసుతో అన్నం తిన్నాం. అది మాత్రం ఆమె శ్రద్ధగా తింది.

తిరుగు ప్రయాణంలో రాజోలు దాటాక, నాలుగున్నరకు, సత్తిబాబు కారును రోడ్డు దింపేశాడు. "మా ఊరేనండి. పావుగంట, అంతేనండి" అన్నాడు. చర్చి పక్కన ఖాళీ స్థలంలో సున్నం గీతలు గీసి, నెట్ కట్టి ఆడుతున్నారు. అది షటిల్ కాదు, బాల్ బ్యాడ్మింటన్. ఈకల కాక్ బదులు పసుపురంగు ఊలు బంతి, మట్టి కోర్టు, ఒక్కో వైపు అయిదుగురు. నెట్ దగ్గర ఇద్దరు, మధ్యలో ఒకరు, వెనక ఇద్దరు. ఆ వేళ అటొకరు ఇటొకరు తక్కువయ్యారు. సత్తిబాబు చెప్పులు విడిచి ఒక వైపు దిగిపోయాడు. రెండో వైపుకు పెద్దదిక్కు సామ్యేలు మాస్టారు, రిటైరైన డ్రిల్లు మాస్టారు. అరవై దాటిన మనిషి, ఒక కాలు ఈడుస్తారు. ఆయన సిగ్రిడ్ బూట్లు చూశారు.

"ఆ అమ్మగారు ఆడతారాండీ?"

"ఆవిడ పనే అదండి" అన్నాను.

సిగ్రిడ్ కొయ్య బ్యాటు పుచ్చుకుని, ఎవరినీ అడక్కుండా వెళ్లి వెనక నిలబడింది. కాక్ అయితే ఎంత గట్టిగా కొట్టినా గాలిలో వేగం తగ్గుతుంది. ఊలు బంతికి ఆ మర్యాద లేదు. మొదటిది చర్చి ప్రహరీ దాటింది. రెండోది కొబ్బరితోటలో పడింది. మాస్టారు నావైపు తిరిగి, "పనే అదన్నారు కదండీ?" అన్నారు చాలా మర్యాదగా. ప్రహరీ దగ్గర నిలబడ్డ ఆడవాళ్లు కొంగులు అడ్డం పెట్టుకున్నారు. మూడోదానికి ఆమె పక్కకు ఉరికింది, మోకాలు మడత పడి చెయ్యి నేలకానించింది. నవ్వులు ఆగిపోయాయి.

మాస్టారు కాలీడ్చుకుంటూ ఆమె దగ్గరికి వెళ్లారు. "కాలు బాగాలేదామ్మా? చెప్పొద్దూ! ముందుకొచ్చెయ్యండి, నా పక్కకి."

ఆ మాట నేను ఇంగ్లీషులో చెప్పాను. సిగ్రిడ్ మొహం ఎర్రబడింది. "నేను వెనక ఆడేదాన్నని చెప్పు."

"నేనూ వెనకే ఆడేవాణ్ణమ్మా, జిల్లా పోటీల్లో కూడా. కాలు పోయింది, ముందుకొచ్చాను. ఇదిగో, నా పక్కన ఆడే ఈయనకి నడుం పోయింది, ఈయనా ముందుకొచ్చాడు. ఈయన్ని మధ్యకి పంపుతాంలెండి. మా ఊళ్లో వరస అదేనమ్మా."

వెనక వరసలో ఆడే పోస్టాఫీసు గుమాస్తా అందుకున్నాడు. "ముందంతా తాతగార్లేనండి, పరిగెత్తి చచ్చేది మేమండి!"

"నోరు మూసుకుని బంతి తియ్యరా" అన్నారు మాస్టారు. మళ్లీ అందరూ నవ్వారు.

నేను ఇదంతా ఇంగ్లీషులో చెప్పేసరికి సిగ్రిడ్ లేచి ముందుకు వచ్చింది. ఒప్పుకుని కాదు, అందరూ ఎదురుచూస్తున్నారని. ముందు నిలబడిందే గానీ బంతి తల మీదుగా వెళ్లినప్పుడల్లా వెనక్కి తిరిగి చూస్తోంది. ఆమె అటు తిరిగి ఉండగానే అవతలివాళ్లు కొట్టింది రెండుసార్లు ఆమె భుజానికి తగిలింది. మాస్టారు ఓపిక పట్టి పట్టి, "వెనక్కి చూడకమ్మా. వాడు కొడతాడు. కొట్టకపోతే తర్వాత తిడదాం" అన్నారు.

ఆ మాట విని ఆమె ఆ రోజు మొదటిసారి నవ్వింది. ఆ తర్వాత వెనక్కి తిరగలేదు. గుమాస్తా వెనక నుంచి బాదుతున్నాడు, తిరిగొచ్చిన బంతిని ఈమె నెట్ మీదే అందుకుని వాళ్ల కాళ్ల దగ్గర పడేస్తోంది. అంత నెమ్మదిగా, అంత కచ్చితంగా బంతిని చంపడం నేనెక్కడా చూడలేదు. మాస్టారు "అదీ!" అన్నప్పుడల్లా ఆమె కూడా "అదీ!" అనడం మొదలుపెట్టింది. పావుగంట అనుకున్నది గంటయింది.

కారులో సిగ్రిడ్ కాలు చాపుకుని కూర్చుంది. అంబాసిడర్ గుంటల్లో పడి లేస్తోంది. చివరికి రోడ్డు వైపే చూస్తూ అంది: "తొమ్మిదేళ్లు నేను ఇబెన్ వీపు చూస్తూ ఆడాను. అది ఒక్కసారీ వెనక్కి తిరిగి చూడలేదు. దానికి అలవాటనుకున్నాను." మళ్లీ గడియారం చూసుకుని, "ఫోను ఎక్కడుంటుంది?" అంది.

"అమలాపురం బస్టాండు దగ్గరండి, విదేశాలకి కూడా కలుస్తాది" అన్నాడు సత్తిబాబు, నేను అడక్కముందే. అతనికి ఇంగ్లీషు రాదనే అప్పటిదాకా అనుకున్నాను. ఆ పైన కారు ఎలా నడిపాడో చెప్పను, కళ్లు మూసుకున్నాను.

ఫోన్ బూత్ చేరేసరికి ఆరుంబావు దాటింది. ముందు ఒకాయన దుబాయికి మాట్లాడుతున్నాడు. సత్తిబాబు ఆయన్ని ఏం చెప్పి బయటికి రప్పించాడో తెలీదు. సిగ్రిడ్ అద్దాల గదిలోకి వెళ్లింది. డేనిష్ నాకు ఒక్క ముక్క అర్థం కాదు. ఆమె మాట్లాడి, ఆగి, అవతలివాళ్లకు కనపడదని మరిచి అరచేతిని ముందుకు, వెనక్కు ఆడించి చూపిస్తోంది. తర్వాత చాలాసేపు వింటూ నిలబడింది. బయటికొచ్చాక కళ్లు తుడుచుకుంది.

"వెనక నుంచి ఎవరు కొడతారని అడిగింది. నువ్వే అన్నాను. భయమంది. పేర్లు ఇచ్చేసింది."

సత్తిబాబు అరటిపళ్లు కొనుక్కొచ్చాడు. ఎనిమిదిన్నరకు రాజమండ్రిలో ఉన్నాం.

తర్వాతి కథ ఆమె మెయిళ్ల ద్వారా తెలిసిందే. ఆ మొదటి పోటీలో మొదటి రౌండులోనే ఓడిపోయారు. ఇంకో రెండు సీజన్లు ఆడారు, పత్రికలకెక్కేంత ఏమీ గెలవలేదు. ఆటగాళ్ల చరిత్రలు రాసేవాళ్లు ఆ రెండేళ్లను ఒక్క వాక్యంలో సరిపెట్టేస్తారు, నేనైనా అంతే చేసేదాన్ని. కానీ పోయిన నెల ఆఖరి మ్యాచ్ ఆడాక సిగ్రిడ్ నాకు నాలుగు వాక్యాలు రాసింది. ఆ మ్యాచ్ గెలిచారట. ఆఖరి పాయింటు ఇబెన్ వెనక నుంచి కొట్టిందట. అది ఎక్కడ పడిందో చూశాను గానీ, ఎలా కొట్టిందో చూడలేదు, మాస్టారికి చెప్పు, అని రాసింది. నేను అంత తేలిగ్గా కదిలే మనిషిని కాను. కానీ ఆ మెయిలు వచ్చిన వారమే, శనివారం నాడు, సత్తిబాబును మాట్లాడుకుని మళ్లీ వెళ్లి చెప్పాను. మాస్టారు విని, "అదీ!" అని, ఆటకు ఆలస్యమైపోతోందని వెళ్లిపోయారు.

ఆ దారిన వెళ్లేవాళ్లకు ఒక సలహా. తిరుగు ప్రయాణంలో సాయంత్రం నాలుగు, అయిదు మధ్య రాజోలు దాటేలా చూసుకోండి. రోడ్డు పక్క ఆట కనిపిస్తే ఆగండి, పిలుస్తారు. కాలు బాగాలేకపోతే మొహమాటపడకుండా ముందే చెప్పండి. నెట్ దగ్గర చోటిస్తారు.