విప్పి పెట్టిన నాలుగో నంబరు సెట్టు

దయ్యాలంటే నాకు ఎన్నడూ నమ్మకం లేదు. మా అత్తమ్మ ఎర్రనీళ్లతో దిష్టి తీస్తుంటే నవ్వి తిట్లు తిన్నదాన్ని. చదివింది ఐదో తరగతే గానీ కంటితో చూసింది మరిచిపోను. చూసిందే రాస్తున్నాను.

మాది హసన్‌పర్తి దగ్గర ఊరు. మా ఆయన ఊరవతల రాళ్ల క్వారీలో పని చేస్తాడు. బండలు పగలగొట్టే మందు తూటాలు పేల్చే ముందు ఎర్రజెండా పట్టుకొని గుట్టంతా తిరిగి, మనుషుల్నీ మేకల్నీ కిందికి పంపడం ఆయన పని. అక్కడ అందరి నడుముకూ వాకీటాకీలు ఉంటాయి. ఆయనది నాలుగో నంబరు.

మిషన్ల మోతలో మాట వినబడదని వాళ్లు ఒక పద్ధతి పెట్టుకున్నారు. మాట్లాడకుండా బటన్ మూడుసార్లు నొక్కి వదిలితే, ఆపండి, లోపల మనిషి ఉన్నాడు అని అర్థం.

మొన్న ఎండాకాలం ఆ నాలుగో సెట్టు బటన్ పని చేయడం మానేసింది. మా మరిది శ్రీను ఇంట్లోనే ఫోన్లు, సెట్లు బాగు చేస్తాడు. పోల్చి చూసుకోవడానికి మంచిగా ఉన్న రెండో నంబరు సెట్టు కూడా తెచ్చుకున్నాడు. మా ఆయన ఆ రోజు వట్టి జెండాతోనే పనికి పోయాడు.

పది గంటలప్పుడు శ్రీను సెట్టు విప్పాడు. నేను పక్కన కూర్చొని చింతపండు గింజలు తీస్తున్నాను. చేతులు ఆడిస్తూ చెప్పడం వాడికి అలవాటు. బటన్ నొక్కగానే మాట పోదట. నొక్కిన సంగతి ముందు లోపలి చిప్పుకు అందాలి. అప్పుడది వినే దారి మూసి, పంపే దారి తెరిచి, తన నంబరు పంపుతుంది. అవతలి సెట్టు అద్దం మీద పడేది ఆ నంబరే.

బ్యాటరీ తీసి కిటికీలో పెట్టాడు. బటన్ నుంచి చిప్పుకు పోయే సన్నని పట్టీ ఊడదీశాడు. రబ్బరు బటన్, మరలు స్టీలు గిన్నెలో వేశాడు.

అప్పుడే బల్ల మీది రెండో సెట్టు వెలిగింది. అద్దం మీద నాలుగు. మాట లేదు. ఆరింది. మళ్లీ నాలుగు. ఆరింది. మళ్లీ నాలుగు.

"శ్రీనూ, ఎవలు నొక్కుతాండ్రు?"

"ఎవలు నొక్కుతరు వదినా? బటన్ గీ గిన్నెల ఉన్నది గదా. సెట్టు ఖరాబైంది, గంతే."

"ఖరాబైతే సరిగ్గ మూడుసార్లెందుకు? మీ అన్న గుట్ట మీదున్నడు. జల్ది మేస్త్రికి చెప్పు."

శ్రీను నవ్వబోయి నా మొహం చూసి ఆగాడు. రెండో సెట్టు తీసి పిలిచాడు. మేస్త్రి కొమురయ్య గొంతు మండిపడింది.

"అరే శ్రీనూ, పరాచికాలాడుతానవా? గీడ గూడ నాలుగే పడ్డది. తూటాలు పేల్చే మీట మీద చెయ్యేసినోన్ని ఆగిన. మీ అన్న ఎప్పుడో దిగిండు, జెండా కిందనే కనవడుతాంది."

నేను సెట్టు లాక్కున్నాను. "జెండా గాదు కొమురన్నా, మనిషిని చూడు జర."

తూటాలు పెట్టిన బండకు పది అడుగుల దూరంలో, రెండు రాళ్ల సందులో మా ఆయన దొరికాడు. కింద జెండా గుచ్చి, తప్పిపోయిన మేకపిల్ల కోసం మళ్లీ పైకెక్కి జారిపడ్డాడు. రొమ్ముకు దెబ్బ తగిలి గొంతు పెగల్లేదు.

దవాఖానలో మాట వచ్చాక చెప్పాడు. "సెట్టు లేదన్న సంగతే యాదికి లేదే. నడుము తడిమి మూడుసార్లు నొక్కిన." నొక్కింది ఉత్త బెల్టును.

శ్రీను ఆ సెట్టును వారం రోజులు ముందు పెట్టుకొని కూర్చున్నాడు. క్వారీలో ఇంకో సెట్టుకు అదే నంబరు పడిందేమోనని అన్నీ చూసి వచ్చాడు. నాలుగో నంబరుది ఇదొక్కటే. బ్యాటరీ లేని సెట్టు, బటన్ లేని సెట్టు ఎలా పలికిందో వాడికీ తెలియదు, నాకూ తెలియదు.

మా ఆయన మాత్రం ఆ సంగతి ఎవరినీ ఆరా తీయనివ్వడు. ఆరా తీస్తే, మళ్లీ అవసరం పడ్డ రోజు అది పలకదేమోనని ఆయన భయం.