బల్ల మీద ఖాళీ సగం

ఈ రోజు సారపాకలోని మా స్టూడియోకి చర్ల వైపు నుంచి ఒక అవ్వ వచ్చింది. చనిపోయిన భర్త పాత ఫొటో ఇచ్చి, దాంట్లో తననూ పక్కన చేర్చమంది. ఆ ఫొటోలో వెలుగు ఎడమ వైపు నుంచి, కిటికీలోంచి వచ్చినట్టు మెత్తగా పడుతోంది. ఇద్దరి మీదా ఒకే వెలుగు లేకపోతే అతికించినట్టు తెలిసిపోతుంది. అందుకే ముందున్న లైట్లన్నీ ఆపేసి, ఒక్కదాన్నే ఎడమ పక్కన పెట్టి, తెల్లగుడ్డ అడ్డం కట్టాను.

అవ్వ కెమెరా ముందున్న పొడవాటి బల్ల చివరకు జరిగి కూర్చుంది.

"నడుమకు జరుగు అవ్వా," అన్నాను.

"మరి ఆయన ఏడ కూసుంటడు బిడ్డా?" అంది.

ఆమె పక్కనున్న ఆ ఖాళీ మీద కూడా వెలుగు సరిచేసి ఫొటో తీశాను.

రోజూ నేను టీ తాగే బల్లే అది. ఒక సగం ఆయనది, ఇంకో సగం ఆమెది. సాయంత్రం నిలబడే తాగాను. మీరైతే కూర్చునేవారా?