నడుంనొప్పికి బేరం

రెండేళ్లుగా వదలని నడుంనొప్పికి ఈ రోజు యలహంకలో ఫిజియోథెరపీకి పోయినా. ఎవరన్నా చెయ్యి అందిస్తే తప్ప కింద నుంచి లేవలేను.

థెరపిస్టు పాప నన్ను చాప మీద పడుకోబెట్టి, కాసేపు నిదానంగా ఊపిరి తీసి వదలమనింది. "ఇప్పుడు నొప్పి పదికి ఎంత ఉంది అంకుల్?" అనింది.

ముప్పై ఏళ్లు చీరలంగడి నడిపిన నోరు కదా, ఎక్కువే చెప్పింది. "తొమ్మిది."

"అంత ఉండదు అంకుల్. నాలుగు?"

"నీ మొగం చూసి ఏడు చేస్తా. ఇంకా తగ్గిస్తే నాకు గిట్టదు పాపా."

"ఐదు. అంతే."

నా గిరాకీలు చేసినట్టే విసురుగా లేచి, వెనక్కి పిలుస్తాదిలే అని వాకిలి దాకా నడిచినా. పిలిచింది.

"మీ అంతట మీరే లేచినారు కదా అంకుల్, రెండు రాసుకున్నా."

ఇంత నష్టపు బేరం అంగట్లో ఎప్పుడూ చేయలా. మీరెవరన్నా వచ్చి నాలుగన్నా ఇప్పిస్తారా అప్పా?