మొదటి డికాక్షన్

అరవైల నాటి మాట. ధర్మవరం స్టేషన్‌లో పక్కన కూర్చున్న నేతగాడొకాయన నాకూ కాఫీ ఇప్పించాడు. సగం తాగి, మా ఇంట్లో మొదటి డికాక్షన్ తప్ప ముట్టమని గొప్పలు పోయాను.

"యాడప్పా మీ ఇల్లు?"

"హిందూపురం. మాది పట్టుచీరల అంగడి," అంటూ మా నాయన పేరు చెప్పాను.

ఆయన తన చెంబులోని నీళ్లు నా గ్లాసు నిండా పోశాడు.

"మొదటి డికాక్షన్ మీరు తాగి, అదే పొడిలో మళ్లా నీళ్లు పోసి మాకిస్తాండిరి. చీరలు తెచ్చినప్పుడల్లా, పదేండ్లు తాగినా. ఈపొద్దు నువ్వు తాగు."

ఆయన కళ్లు నా మీంచి కదల్లేదు. చివరి గుక్క దాకా తాగాను.

మా ఇంట్లో నేతగాళ్లకిచ్చే కాఫీ రుచి చూడటం నాకదే మొదటిసారి.