ఊపిరి తీసుకునే చోటు

ఉదయం పదీ ఇరవైకి రెండో పీరియడ్ గంట కొట్టారు. ఎమ్మిగనూరులో ఒక ప్రభుత్వ బడి, ఐదో తరగతి గది. నేను వెనక బెంచీ మీద కూర్చున్నాను. పిల్లలు ఇంగ్లీషు ఎలా చదువుతున్నారో బడి బడికీ పోయి చూడడం ఈ ఏడాది నాకిచ్చిన పని. అందుకే ఆదోని నుంచి బస్సులో వచ్చాను. పోయినేడు ఈ పిల్లలకు ఇంగ్లీషు చెప్పింది మా చెల్లెలు. ఉగాదికి ముందు చనిపోయింది. పత్తికొండ నుంచి కొత్తగా వచ్చిన సారుకు నేను ఆమె అన్ననని తెలియదు. నేనూ చెప్పలేదు.

కరెంటు లేదు. సారు బల్ల మీద తట్టాడు. పిల్లలు పుస్తకం మీద వేలు పెట్టి ఒక్క గొంతుతో మొదలుపెట్టారు.

"ది రెయిన్ కేమ్ టు ది..."

ఆగారు. అందరూ ఒకేసారి నోటితో ఊపిరి లోపలికి లాగారు. చివర సన్నగా ఈల లాంటి చప్పుడు వచ్చింది. ఆ తర్వాత గదిలో ఏమీ వినిపించలేదు.

"...విలేజ్ ఇన్ ది ఈవినింగ్."

మా చెల్లెలికి ఆయాసం. పోయే ముందు నాలుగైదు మాటలకొకసారి ఆగి, సరిగ్గా ఇలాగే లాగేది. ఆసుపత్రిలో నేను విన్న చివరి చప్పుడు అదే.

మా వైపు బళ్ళలో ఇంగ్లీషు చదవడమంటే టీచరు ఒక వాక్యం అనడం, పిల్లలు అచ్చం అలాగే అనడం. ఆ భాష వాళ్ళు ఇంకెక్కడా వినరు. అందులో పాఠమెంతో, టీచరు జబ్బు ఎంతో వాళ్ళకెలా తెలుస్తుంది?

"చూసినారా సార్?" అన్నాడు సారు. "ఎంత చెప్పినా ఈ ఆగేది ఇడ్సరు. రేపు పరీక్ష పెట్టేవాళ్ళొస్తే వీళ్ళకు చదవను రాదంటారు. మళ్ళీ అక్షరాలు రానోళ్ళతో ఏబీసీడీల గుంపులో కూసోబెట్టల్ల."

ముందు బెంచీ పిల్ల లేచింది. "ఆడ ఆగల్ల సార్. ఆగకపోతే అది ఇంగ్లీషే కాదు."

"వీడు ఒగతూరి ఆగకుండా సదివినాడు సార్, కుక్క తరిమినట్ల!" అని ఇంకొకడు. అందరూ నవ్వారు.

ఆ పిల్లను ఒక్కదాన్నే చదవమన్నాను. అదే చోట ఆగింది. అరచెయ్యి గుండె మీద పెట్టుకుని ఊపిరి లాగింది. మా చెల్లెలు అలా చెయ్యి పెట్టుకునేది.

"పాత టీచరు నీకు బాగా గుర్తున్నట్టుందే," అన్నాను.

"నేను ఆయమ్మను సూల్లేదు సార్. మొన్ననే గోనెగండ్ల నుంచి వచ్చినా. వీళ్ళే నేర్పినారు."

అందరినీ ఇంకొకసారి చదవమన్నాను. సారు నా వైపు వింతగా చూశాడు. కళ్ళు మూసుకుని విన్నాను. మా చెల్లెలు ఆ గదిలోనే ఉంది. ఇలా వదిలేస్తే వచ్చే ఏడు కూడా ఉంటుంది. ఏబీసీడీల గుంపులో కూర్చోవలసింది మాత్రం ఈ పిల్లలు.

లేచి బోర్డు దగ్గరికి పోయాను. ఆ వాక్యాన్ని ఎక్కడా ఆగకుండా చదివి, నాలాగే అనమన్నాను. వాళ్ళు ఆగారు. మళ్ళీ చదివాను. మధ్యాహ్న భోజనం గంట కొట్టేసరికి ఈల చప్పుడు వెనక బెంచీల్లోనే మిగిలింది.

దసరా సెలవుల తర్వాత మళ్ళీ వెళ్ళాను. ఆ గదిలో ఇప్పుడు ఎవరూ వాక్యం మధ్యలో ఆగడం లేదు.